‘టు’, ‘ఇంగ్’ : రెండూ ఒప్పే, కాని రెండూ ఒకటి కావు

ఇంగ్లీషు వ్యాకరణమనగానే మన విద్యార్థులకు ముందుగా జ్ఞాపకం వచ్చేవి టెన్సులు, ఆర్టికల్సు, ప్రిపోజిషన్లు. ఇన్ఫినిటివ్, జెరండ్ అనే రెండింటి జోలికి పరీక్ష ముందు రోజు తప్ప ఎవరూ పోరు. ఖాళీలు పూరించమని రెండు మూడు వాక్యాలు వస్తాయి. ‘టు’ పెట్టవలసిన క్రియల పట్టిక ఒకటి, ‘ఇంగ్’ చేర్చవలసిన క్రియల పట్టిక ఒకటి, రెండూ చేరగల క్రియల పట్టిక ఒకటి కంఠస్థం చేసినవారికి ఆ మార్కులు దక్కుతాయి. మేము కూడ తరగతిలో చాలాకాలం ఇట్లే బోధించినాము. ఈ పద్ధతి చాలదని మాకు తెలియజెప్పినది ఒక దరఖాస్తు.

మా వద్ద బి.కాం. చదివిన విద్యార్థి ఒకడు ఒక పరీక్షకు రుసుము చెల్లించినాడు. హాల్ టికెట్ల జాబితాలో అతని పేరు రాలేదు. రసీదు ఇంట్లో ఎక్కడో పడిపోయినది. తాను రుసుము కట్టినట్లు బాగా జ్ఞాపకమున్నదని తెలుపుతూ సంబంధిత కార్యాలయానికి ఇంగ్లీషులో ఒక దరఖాస్తు వ్రాసినాడు. అందులోని ముఖ్యమైన వాక్యం ఇది: “ఐ రిమెంబర్ టు పే ది ఫీ.” నాలుగు రోజులకు ఆ కాగితం మీదనే జవాబు వచ్చినది. గడువు దాటినందున ఆలస్య రుసుముతో కలిపి చెల్లించవలెనని దాని సారాంశం. కార్యాలయంవారిని తప్పు పట్టుటకు వీలులేదు. ‘రుసుము కట్టవలసి ఉన్నదని నాకు జ్ఞాపకమున్నది’ అనే ఆ వాక్యానికి అర్థం. కట్టినవాడు కాగితం మీద కట్టబోయేవాడైనాడు. ఇంట్లో అప్పు చేసి రెండవసారి కట్టినాడు.

తరువాత ఆ కాగితం తెచ్చి మా ముందు పెట్టి, “సార్, రిమెంబర్‌కు రెండూ కరెక్టేనని మీరే కదా చెప్పింది?” అన్నాడు. అతని నోటుబుక్కు తెప్పించి చూచినాము. మూడవ పట్టికలో మేము చెప్పిన ప్రకారమే ‘రిమెంబర్ – రెండూ ఒప్పు’ అని అందమైన దస్తూరీతో ఉన్నది. రెండూ ఒప్పే. కాని రెండూ ఒకటి కావు. ఈ రెండవ మాట మేము చెప్పలేదు. ఇందులోని మరొక చిక్కేమంటే ఆ వాక్యంలో వ్యాకరణ దోషమేదీ లేదు. నేడు విద్యార్థుల చేతిలోని ఫోనులు తప్పు మాట క్రింద ఎర్రగీత గీస్తాయి. తప్పే లేనిచోట గీత గీయవలసిన పని వాటికి లేదు. వాక్యం నిర్దోషం, భావం తలక్రిందులు. ఇటువంటి పొరపాటును పట్టుకొనవలసినది వ్రాసేవాడే.

అందుచేత ఆ పాఠాన్ని ఇక్కడ మరొకసారి మొదటినుండి చెప్పదలచినాము. ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాము. వాటిని కంటితో కాక చెవితో చదువవలెనని మా కోరిక.

ముందుగా పేర్లు. ఇన్ఫినిటివ్ అనగా లాటిన్‌లో హద్దులేనిది. ‘గో’ అనే క్రియ ‘గోస్’ అయినప్పుడు అది ఒక కర్తకు, ఒక కాలానికి కట్టుబడుతుంది. ‘టు గో’ అన్నప్పుడు ఎవరు, ఎప్పుడు అనే కట్టుబాటు లేదు. మన వ్యాకరణాలు దీనికి సన్నిహితమైన రూపాన్ని తుమున్నర్థకమన్నాయి. సంస్కృతంలో ‘కర్తుం’, ‘గంతుం’ మొదలైన రూపాలలో కనిపించే ‘తుమున్’ ప్రత్యయం నుండి వచ్చిన పేరది. జెరండ్ కూడ లాటిన్ పేరే. చేయుట, నడపుట అనే అర్థమిచ్చే ధాతువునుండి పుట్టినది. క్రియకు ‘ఇంగ్’ చేర్చి నామవాచకంగా వాడితే అది జెరండ్. తెలుగులో ‘చేయుట’, ‘చేయడం’ అనే భావార్థకం దీనికి జోడు.

రెండింటికీ ఒక చిత్రమైన స్వభావమున్నది. “రీడింగ్ బుక్స్ డైలీ ఈజ్ గుడ్” అనే వాక్యంలో ‘రీడింగ్’ కర్త స్థానంలో కూర్చున్నది, కనుక నామవాచకం. కాని ‘బుక్స్’ అనే కర్మను, ‘డైలీ’ అనే క్రియావిశేషణాన్ని వెంటబెట్టుకొన్నది, కనుక క్రియ. “రోజూ పుస్తకాలు చదవడం మంచిది” అనే మన వాక్యంలో ‘చదవడం’ పని కూడ అంతే. సగం నామం, సగం క్రియ. ఇటువంటి పదం క్రియనుండి పుట్టినదా, లేక క్రియయే దీనినుండి పుట్టినదా అని అరబ్బీ వ్యాకరణవేత్తలలో పెద్ద వివాదమే నడచినది. ఉర్దూ విభాగపు విద్యార్థులకు ‘మస్దర్’ అనే పేరు పరిచితమే. మస్దర్ అనగా వెలువడే చోటు, మూలస్థానం. పేరులోనే ఉన్నది చూడండి, మస్దరే మూలం, క్రియ దానినుండి వచ్చినదని బస్రా పండితులన్నారు. కాదు, క్రియయే మూలమని కూఫా పండితులు వాదించినారు. పన్నెండవ శతాబ్దిలో ఇబ్నుల్ అన్బారీ ఈ రెండు పక్షాల వాదాలను ‘అల్ ఇన్సాఫ్’ అనే గ్రంథంలో కూర్చి పెట్టినాడు. ఆ తగవు తీర్చుట మా పని కాదు. మన విద్యార్థులు రెండు మార్కుల ఖాళీగా చూచి వదలే విషయం మీద మహాపండితులు తలలు బద్దలు కొట్టుకొన్నారని మాత్రం తెలియవలెను.

మన ఇంటి భాషలకు వద్దాము. ఉర్దూలో మస్దర్ ఒకే ఒక రూపం. చివర ‘నా’ ఉంటుంది. ‘జానా’ అన్నది ఇంగ్లీషులోని ‘టు గో’, ‘గోయింగ్’ రెండింటి పనీ చేస్తుంది. “జానా అచ్ఛా హై” అంటే వెళ్ళడం మంచిది. “ముఝే జానా హై” అంటే నేను వెళ్ళవలెను. “కల్ ఆనా” అంటే రేపు రా అని ఆజ్ఞ. అన్నిటికీ ఒకటే మాట. (రోటీ ‘ఖానా’ అనవలెనా, ‘ఖానీ’ అనవలెనా అని ఢిల్లీ, లఖ్‌నవూల నడుమ ఉన్న తేడాను ఉర్దూ విభాగంలోని మా మిత్రులకు వదలిపెడుతున్నాము.) తెలుగు అట్లా కాదు. తెలుగులో ఈ పనికి పనిముట్లు ఎక్కువ. ‘చేయ’ అనే పాత తుమున్నర్థకం ఒకటి, ‘చేయడం’ ఒకటి, ‘చేయడానికి’ ఒకటి, ‘చేయాలని’ ఒకటి, ‘చేసినట్లు’, ‘చేసినందుకు’ మరికొన్ని. కనుక ఉర్దూ ఇంటి నుండి వచ్చిన విద్యార్థి చేసే పొరపాటు వేరు, తెలుగు ఇంటి విద్యార్థి చేసేది వేరు. ఒకే పట్టికతో ఇద్దరికీ వైద్యం చేయబోవుట మా వంటి ఉపాధ్యాయుల లోపం.

‘చేయ’ అనే పాత రూపంతో మొదలుపెడితే అన్నిటికంటె తేలిక. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం ప్రకటించేనాటికి గ్రాంథికంలో ‘చూడన్ వచ్చెను’ అంటే చూచుటకు వచ్చెనని అర్థం. నేటి మాటలో ఆ రూపం ఒంటరిగా నిలువదు. మరొక క్రియను ఆనుకొని బ్రతుకుతున్నది. చేయగలను, చేయవలెను, చేయవచ్చు, చేయనిచ్చినాడు. వీటిని ఇంగ్లీషులో పెట్టి చూడండి: ‘కెన్ డూ’, ‘మస్ట్ డూ’, ‘మే డూ’, ‘లెట్ మి డూ’. అక్కడ కూడ ‘టు’ లేని ఒట్టి క్రియయే వచ్చినది. మన భాషలో ‘చేయడానికి గలను’ అని ఎవరైనా అంటే నవ్వుతాము. “ఐ కెన్ టు డూ”, “లెట్ మి టు గో” అనేవి ఇంగ్లీషు చెవికి అట్లే వినిపిస్తాయి. ‘మేక్’ అనే క్రియ కూడ ఈ జట్టులోనిదే: “హి మేడ్ మి వెయిట్.” ఇక్కడ మన పిల్లలు తరచు ‘టు వెయిట్’ అని వ్రాస్తారు. కర్మణి ప్రయోగంలో మాత్రం ఆ ‘టు’ తిరిగి వస్తుంది: “ఐ వాజ్ మేడ్ టు వెయిట్.”

ఇక ‘టు’ సంగతి. ఇది ఎక్కడినుండి వచ్చినదో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. సుమారు వెయ్యేండ్ల క్రితపు ఇంగ్లీషులో తుమున్నర్థకం ‘అన్’ ప్రత్యయంతో ముగిసేది. త్రాగు అనుటకు ‘డ్రింకన్’. మన ‘చేయన్’, ‘పోవన్’ వలె వినిపించుట కేవలం కాకతాళీయం. దానినిబట్టి చుట్టరికం కలుపరాదు. ప్రయోజనం చెప్పవలసి వచ్చినప్పుడు వారు ఆ పదాన్ని చతుర్థీ విభక్తి రూపంలోకి మార్చి ముందు ‘టు’ అనే ప్రిపోజిషన్ పెట్టేవారు: ‘టు డ్రింకెన్నె’. అనగా అచ్చంగా మన ‘త్రాగుటకు’. తరువాతి శతాబ్దాలలో ఆ చివరి ప్రత్యయం అరిగిపోయినది. ‘టు’ మాత్రం అతుక్కొని నిలిచినది. కనుక “ఐ కేమ్ టు సీ ది డాక్టర్” అనే వాక్యంలోని ‘టు’ మన ‘చూడడానికి’లోని ‘కి’. దీనినే తెలంగాణాలో ‘చూడనీకి’ అంటారు, రాయలసీమలో ‘చూసేకి’ అంటారు. మాట మారినా ‘కి’ మారలేదు. ‘కి’ అన్నది ఎప్పుడూ ముందుకు చూస్తుంది. ఎక్కడికి అంటే ఇంకా చేరని చోటికి. ‘టు’ కూడ అంతే.

కాని ఇక్కడే తెలుగు విద్యార్థికి ఒక గోతి ఉన్నది. ‘చూడడానికి’ని విడదీస్తే చూడడం, కి. చూడడం ‘సీయింగ్’, కి ‘ఫర్’ అని లెక్కవేసి “ఐ కేమ్ ఫర్ సీయింగ్ ది డాక్టర్” అని వ్రాస్తాడు. ఫలానా పనిమీద వచ్చినానని చెప్పునప్పుడు ఇంగ్లీషువారికి ‘టు సీ’ చాలు. ‘ఫర్’ మీద ‘ఇంగ్’ వచ్చేది ఒక వస్తువు దేనికి ఉపయోగపడునో చెప్పునప్పుడు: “ఎ నైఫ్ ఫర్ కటింగ్ ఫ్రూట్.” మనకు రెండుచోట్లా ‘డానికి’ సరిపోతుంది, వారికి సరిపోదు.

ఇప్పుడు ఆ దరఖాస్తుకు వెళ్దాము. ఆ విద్యార్థి ఇంటి భాష ఉర్దూ. మనసులో “ఫీస్ దేనా యాద్ హై” అనుకొని ఇంగ్లీషులోనికి మార్చినానని అతడే చెప్పినాడు. ఆ ఉర్దూ వాక్యం ఇచ్చినది జ్ఞాపకమున్నదని కావచ్చు, ఇవ్వవలసినది జ్ఞాపకమున్నదని కావచ్చు. మస్దర్ ఒక్కటే కనుక రెండు అర్థాలకూ చోటున్నది. ఇంగ్లీషులో ఆ చోటు లేదు. “ఐ రిమెంబర్ పేయింగ్” అంటే కట్టిన పని కళ్ళముందు ఉన్నది. “రిమెంబర్ టు పే” అంటే కట్టవలసిన పని ముందున్నది. ఇదే అబ్బాయి తెలుగులో అనుకొని ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదు. ‘కట్టినట్లు జ్ఞాపకమున్నది’, ‘కట్టాలని జ్ఞాపకమున్నది’ అని తెలుగు రెండింటినీ వేరుచేసి చెబుతుంది. ఆ మాటకు వస్తే వీధిలో మాట్లాడుకొనే దక్కనీ కూడ చెబుతుంది: “ఫీస్ భరా సో యాద్ హై.” ఈ ‘సో’ దక్కనీకి తెలుగు పొరుగుతనం వలన బలపడినదేమో అనిపిస్తుంది, “తుమ్ బోలే సో బాత్” అనేది ‘మీరు చెప్పిన మాట’కు ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. పుస్తకాలలో చోటులేని ఇంటిమాట ఒక్కొక్కప్పుడు పుస్తకాల భాషకంటె స్పష్టంగా ఉంటుంది. మన పిల్లలు దానిని చూచి సిగ్గుపడతారు.

‘స్టాప్’ మరొకటి. “హి స్టాప్డ్ టు డ్రింక్ టీ” – టీ త్రాగడానికి ఆగినాడు. “హి స్టాప్డ్ డ్రింకింగ్ టీ” – టీ త్రాగడం మానినాడు. “చాయ్ పీనే కే లియే రుకా”, “చాయ్ పీనా ఛోడ్ దియా” అని ఉర్దూలో కూడ తేడా స్పష్టమే. మొదటివాడు ఇరానీ హోటలులో కూర్చొని ఉన్నాడు. రెండవవాడు వైద్యుని మాట విన్నాడు. ఒక ఉద్యోగ దరఖాస్తులో “ఐ స్టాప్డ్ టు వర్క్ ఇన్ దట్ షాప్” అని ఉండగా చూచినాము. ఆ దుకాణంలో పని మానినానని అతని ఉద్దేశం. ఆ దుకాణంలో పని చేయుటకు ఆగినానని చదివేవారికి అర్థమైతే ఆశ్చర్యమేమున్నది?

‘ట్రై’ అనే క్రియను మేము అన్నిటికంటె ఇష్టంగా చెబుతాము. ఇక్కడ తెలుగు చేసే సాయం అంత గొప్పది. “ట్రై టు ఓపెన్ ది విండో” అంటే కిటికీ బిగుసుకొని ఉన్నది, తెరవడానికి ప్రయత్నించు. “ట్రై ఓపెనింగ్ ది విండో” అంటే గది ఉక్కగా ఉన్నది, కిటికీ తెరిచి చూడు. తెరవడం కష్టం కాదు. తెరిస్తే ఏమైనా ఫలితముంటుందేమోనని. ‘చేసి చూడు’ అనే మన సామాన్యమైన మాట ఇంగ్లీషులోని ఈ ‘ట్రై’ జెరండుకు అచ్చమైన సమానార్థకం. “ఖోల్ కర్ దేఖో” అని ఉర్దూ. ఇరవై ఏండ్లు వ్యాకరణం చదివినా అర్థం కాని తేడా, అమ్మ వంట రుచి చూడమన్న మాటలో ఉన్నది.

‘రిగ్రెట్’ కార్యాలయాల క్రియ. “వి రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్ యు” అని మొదలైతే ఉత్తరం చివరిదాకా చదువనవసరం లేదు. తెలియజేయుటకు చింతిస్తున్నాము, ఇంకా తెలియజేయలేదు, ఇప్పుడే తెలియజేయబోతున్నాము. “ఐ రిగ్రెట్ టెలింగ్ హిమ్” అంటే అతనికి చెప్పినందుకు చింతిస్తున్నాను, అయిపోయిన సంగతి. ‘చెప్పుటకు’, ‘చెప్పినందుకు’. ఇంత కచ్చితంగా విడదీయగల భాష ఇంట్లో ఉండగా పట్టికలు వల్లించుట ఎందుకని ఒక్కొక్కసారి మాకు విసుగు కలుగుతుంది.

ఐతే ఒక హెచ్చరిక చేయవలె. పై ఉదాహరణలు చూచి ‘డం’ అంటే ‘ఇంగ్’, ‘డానికి’ అంటే ‘టు’ అని సూత్రం కట్టుకొన్నవారు మరుసటి వాక్యంలోనే జారిపడతారు. ‘ఫర్గెట్’ తీసుకోండి. “ఫీజు కట్టడం మరచిపోయాను” అంటాము. ఇక్కడ ‘డం’ ఉన్నది, కాని ఫీజు కట్టలేదు. కనుక “ఐ ఫర్గాట్ టు పే” అనవలెను. “ఐ ఫర్గాట్ పేయింగ్” అంటే కట్టిన సంగతే మరచినానని, ఇంచుమించు రెండుసార్లు కట్టే మనిషి మాట. అట్లే “ఈదడం నేర్చుకున్నాడు” అన్నది “హి లర్న్‌డ్ టు స్విమ్” అవుతుంది. రూపానికి రూపం జత కలుపరాదు. ఆ రూపం వెనుక పని జరిగిపోయినదా, జరుగవలసి ఉన్నదా అని ప్రశ్నించుకోవలె. తెలుగులో మరొక విధంగా మార్చి చెప్పుకొంటే జవాబు దొరుకుతుంది. ‘కట్టడం మరచాను’ను ‘కట్టిన సంగతి మరచాను’గా మార్చితే మీ భావం నిలిచినదా? నిలువలేదు. ఐతే జెరండ్ కాదు.

ఈ వెనుక, ముందు అనే భేదాన్ని శాస్త్రీయంగా చర్చించినవారిలో అమెరికా భాషావేత్త డ్వైట్ బోలింజర్ ముఖ్యుడు. 1968లో వెలువడిన ఒక వ్యాసంలో ఆయన చెప్పినదాని సారం ఇది: జెరండ్ ఒక పనిని ఉన్న వస్తువువలె చూపుతుంది, ఇన్ఫినిటివ్ దానిని కేవలం ఊహగా, కాగల దానిగా చూపుతుంది. అందుకే వాంట్, హోప్, డిసైడ్, ప్రామిస్, అగ్రీ, రెఫ్యూజ్, ఎక్స్‌పెక్ట్ వంటి క్రియలు ‘టు’ను కోరుతాయి. కోరిన పని ఇంకా జరుగలేదు, ఒప్పుకొన్న పని ఇంకా జరుగలేదు, నిరాకరించిన పని అసలే జరుగదు. ఎంజాయ్, ఫినిష్, డినై వంటివి జెరండును కోరుతాయి. లేని దానిని ఆనందించలేము, మొదలుపెట్టని దానిని ముగించలేము.

ఈ సూత్రం అంతటా నిలుస్తుందా? నిలువదు. ‘అవాయిడ్’, ‘పోస్ట్‌పోన్’, ‘సజెస్ట్’ జెరండును కోరే క్రియలే. వాటి వెంట వచ్చే పని జరిగినది కాదు. వాయిదా వేసిన ప్రయాణం ఎక్కడ జరిగినది? ఎదుట ఉన్న ఒక వస్తువును పక్కకు జరిపినట్లు, బల్లమీద పెట్టి చూపినట్లు ఆ పనిని చూస్తున్నారని సమర్థించవచ్చును గాని, ఆ సమర్థన తెలిసినవారికే పనికివస్తుంది, నేర్చుకొనేవారికి కాదు. ముఖ్యంగా ‘సజెస్ట్’ దగ్గర మన తెలుగు కూడ సాయపడదు. “వెళ్దామని సూచించాడు” అన్న మాట ముందుచూపు గలది. అందుచేత “హి సజెస్టెడ్ టు గో” అని సహజంగా నోట వస్తుంది. “సజెస్టెడ్ గోయింగ్” అనవలెను. ఇటువంటి పది పన్నెండు క్రియలకు కంఠపాఠం తప్పదు. జపానులో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ ఈ బాధ తెలిసినవాడై, 1942లో టోక్యోలో వెలువడిన తన నిఘంటువులో ఏ క్రియ ఏ నిర్మాణంలో వచ్చునో క్రియ క్రియకూ గుర్తులు వేసి చూపినాడు. 1948లో ఆక్స్‌ఫర్డ్ వారు దానినే ప్రకటించినారు. మన గ్రంథాలయంలోని నిఘంటువును అర్థం కొరకే కాక ఈ నిర్మాణం కొరకు కూడ తెరచిన విద్యార్థిని మేము ఇంకా చూడవలసి ఉన్నది. బిగిన్, స్టార్ట్, కంటిన్యూ మొదలైనవాటికి ఏ రూపం వాడినా పెద్ద భేదం లేదు. వాటికొరకు నిద్ర చెడగొట్టుకోవద్దు.

దరఖాస్తు ముగింపులో వచ్చే తప్పు ఒకటి మిగిలినది. “ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రం యు” అని మా చేతికి వచ్చే పది ఉత్తరాలలో ఎనిమిదింటిలో ఉంటుంది. ‘టు’ కనబడగానే తరువాత ఒట్టి క్రియ రావలెనని అలవాటు. కాని ఇక్కడి ‘టు’ ఇన్ఫినిటివ్ గుర్తు కాదు, అసలైన ప్రిపోజిషన్. ఈ రెండింటినీ వేరుపరచుటకు ఒక పరీక్ష ఉన్నది. ‘టు’ తరువాత ఒక వస్తువు పేరు పెట్టి చూడండి. “లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ లెటర్” – చక్కగా ఉన్నది. “ఐ వాంట్ టు యువర్ లెటర్” – కుదరలేదు. వస్తువు పేరు ఇమిడినచోట క్రియ కూడ వస్తువు వేషం వేసుకొని, అనగా జెరండుగా, రావలెను: “లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రం యు.” “ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ” – పెందలకడ లేచుట నాకు అలవాటే. “ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎర్లీ” – ఒకప్పుడు లేచేవాడిని, ఇప్పుడు లేవను. ఇంటర్వ్యూలో మొదటిదానికి బదులు రెండవది చెప్పినవాడు తన సోమరితనాన్ని తానే ఒప్పుకొన్నట్లు.

ఇతర ప్రిపోజిషన్ల విషయంలో ఏ చిక్కూ లేదు. ‘ఇన్ లర్నింగ్’, ‘బై రీడింగ్’, ‘వితవుట్ ఆస్కింగ్’. విభక్తి నామానికే చేరుతుందని మనకు తెలియనిది కాదు. ‘నేర్చుకోవడంలో’, ‘చదవడం వలన’ అంటాము. ఉర్దూలోనైతే “పఢ్‌నే మేఁ”, “పఢ్‌నే సే” అని మస్దర్ చివరి ‘నా’ కాస్తా ‘నే’గా వంగి విభక్తికి దారి ఇస్తుంది.

తెలుగు ఇంటి విద్యార్థులు ఉర్దూ మిత్రులనుండి నేర్చుకోదగినది ఒకటి చెప్పక తప్పదు. “అతను రావడం నాకు ఇష్టం లేదు” అని తెలుగులో కర్తను ప్రథమా విభక్తిలో చెబుతాము. దానినిబట్టి “హి కమింగ్” అని వ్రాస్తారు. ఉర్దూలో “ఉస్ కా ఆనా” అంటారు, అనగా అతని రాక. లిఖిత ఇంగ్లీషు మర్యాద కూడ అదే: “ఐ డు నాట్ లైక్ హిజ్ కమింగ్ లేట్.” మాటలలో ‘హిమ్ కమింగ్’ అనుట కూడ ఉన్నది, దరఖాస్తులలో ‘హిజ్’ అనుటే మేలు. జ్ఞాపకం పెట్టుకొను క్రియ దగ్గర తెలుగు ఉర్దూకు అప్పు పెట్టినది, ఇక్కడ ఉర్దూ తిరిగి తీర్చినది. ఒకే బెంచీ మీద కూర్చొనే ఇద్దరు విద్యార్థులు ఒకరి వాక్యాన్ని మరొకరు తమ భాషలో చెప్పుకొని చూస్తే ఉపాధ్యాయునితో చాలా పని తప్పుతుంది.

ఆ రసీదు తరువాత దొరికినది, తల్లి కుట్టుమిషను సొరుగులో. రెండవ దరఖాస్తు మా ఎదుటే కూర్చొని వ్రాసినాడు. “ఐ రిమెంబర్ పేయింగ్ ది ఫీ” అని వ్రాసి, మా ముఖం చూచి, రసీదు నకలు జతపరచినాడు. రెండు నెలలకు ఒక రుసుము తిరిగి వచ్చినది. ఆలస్య రుసుము రాలేదు.

ఈ క్రింది వాక్యాలను ఇంగ్లీషులోనికి మార్చి తెచ్చినవారికి స్టాఫ్ రూములో మేము సంతోషంగా దిద్ది ఇస్తాము. పట్టికలు చూడవద్దు, ముందుగా తెలుగులోనో ఉర్దూలోనో మరొక విధంగా చెప్పుకొని, తరువాత వ్రాయండి.

మందు వేసుకోవడం మరచిపోకు. నమాజు చేసుకోవడానికి దారిలో ఆగాము. ఈ తాళంచెవి పెట్టి చూడు. మా చెల్లెలు కుట్టుపని చేయడం నేర్చుకున్నది. మీరు మా ఇంటికి రావడం మాకు సంతోషం. రేపు బయలుదేరుదామని అన్నయ్య సూచించాడు. చిన్నప్పుడు ఈ చెరువులో ఈదినట్లు నాకు జ్ఞాపకమున్నది.